మీకు తెలుసా? పారాచూట్ వెనక రైజర్ల సంగతులు

విమానంలోంచి దూకినవాళ్లకు పారాచూట్ విచ్చుకుంటే గండం గడిచినట్టేనని మనలో చాలామంది అనుకుంటాం. స్కైడైవింగ్ నేర్పేవాళ్లు మాత్రం అసలు పాఠం అక్కడే మొదలవుతుందంటారు. అమెరికాలో 2023లో సుమారు 36.5 లక్షల జంప్‌లు జరిగితే 10 మంది చనిపోయారు. ఈ క్రీడ ఎంత భద్రంగా మారిందో ఆ అంకెలే చెబుతాయి. అయినా ఏటా ప్రమాదాల వివరాలు చూస్తే, పారాచూట్ ఏ లోపమూ లేకుండా నిండుగా విచ్చుకున్నాక నేల దగ్గర దెబ్బతిన్నవాళ్లు తప్పకుండా కనిపిస్తారు. పారాచూట్ తన పని తాను చేసింది, దాన్ని నడపడంలో తేడా వచ్చింది. ఆ నడపడంలో ఎక్కువమంది తీరిగ్గా, ఒక్కోసారి మరీ ఆలస్యంగా నేర్చుకునే భాగం వెనక రైజర్లు. నా దృష్టిలో అది మొదటి పాతిక జంప్‌లలోనే చేతికి రావాల్సిన విద్య.

● ఇప్పటి క్రీడా పారాచూట్‌ది గొడుగు ఆకారం కాదు, విమానం రెక్క ఆకారం. దీనికి మూలపురుషుడు డొమినా జాల్బర్ట్. గాలిపటాలు, బెలూన్లు తయారుచేసే ఆయన 1964లో పేటెంట్‌కు దరఖాస్తు చేస్తే 1966లో మంజూరైంది. పైన ఒక బట్ట, కింద ఒక బట్ట, మధ్యలో నిలువు అడ్డగోడలతో అరలు. ముందువైపు నోళ్లు తెరిచి ఉంటాయి, వెనకవైపు కుట్టేసి ఉంటుంది. గాలి లోపలికి దూరి బయటికి పోలేక ఉబ్బడంతో బట్ట కాస్తా రెక్కగా బిగుస్తుంది. సాధారణంగా ఏడు అరలో, తొమ్మిది అరలో ఉంటాయి. ఈ రెక్కనే జంపర్లు క్యానపీ అంటారు.

ఇంజన్ లేని ఈ రెక్క ముందుకెలా పోతుంది? ముందు తాళ్లు కాస్త పొట్టిగా, వెనక తాళ్లు కాస్త పొడుగ్గా కట్టడం వల్ల దాని ముక్కు ఎప్పుడూ కొంచెం కిందికి వంగి ఉంటుంది. గాలిపటానికి సూత్రం కట్టేటప్పుడు పై దారం, కింది దారం పొడవులు సరిచూసుకుంటామే, అదే లెక్క. ఒక మీటరు కిందికి దిగేలోపు ఈ రెక్క సుమారు రెండున్నర నుంచి మూడు మీటర్లు ముందుకు సాగుతుంది. తాళ్ల పొడవుతో కుదిరిన ఆ వాలును జంపర్ తన చేతులతో మార్చుకోగలగడమే రైజర్ల విద్య.

● భుజాల మీది నుంచి పైకి వెళ్లే బలమైన పట్టీలే రైజర్లు. కుడి భుజానికి రెండు, ఎడమ భుజానికి రెండు, మొత్తం నాలుగు. రెక్క ముందు సగం నుంచి వచ్చే ఏ, బీ వరుసల తాళ్లు ముందు రైజర్లకు చేరతాయి. వెనక సగం నుంచి వచ్చే సీ, డీ వరుసలు వెనక రైజర్లకు చేరతాయి. రెక్క తోక అంచు నుంచి వచ్చే బ్రేక్ తాళ్లు మాత్రం వెనక రైజర్ మీది చిన్న రింగులోంచి దూరి, చేతితో పట్టుకునే టాగుల్ దగ్గర ముగుస్తాయి. తలెత్తి చూసినప్పుడు టాగుళ్లు ఏ పట్టీల మీద అంటుకుని ఉంటే అవే వెనక రైజర్లు. కంగారులో ముందు వెనకలు తారుమారు కాకుండా ఉండటానికి విద్యార్థులకు చెప్పే తొలి గుర్తు ఇదే.

టాగుల్ లాగితే తోక అంచు ఒక్కటే వంగుతుంది. వెనక రైజర్ లాగితే రెక్క వెనక సగం మొత్తం కిందికి దిగుతుంది. రెండింటి స్వభావాల్లో కనిపించే తేడాలన్నిటికీ మూలం ఇదే.

● వెనక రైజర్ల మొదటి అవసరం నేల దగ్గర పడదు, పారాచూట్ విచ్చుకున్న మరుక్షణమే పడుతుంది.

కొందరు కలిసి దూకి, విడిపోయి, ఎవరి పారాచూట్ వాళ్లు తెరిచారు. మీ క్యానపీ విచ్చుకుంది. చూస్తే యాభై మీటర్ల దూరంలో మరొకరు సూటిగా మీవైపే వస్తున్నారు. ఒక్కొక్కరి వేగం గంటకు 30 కిలోమీటర్లు అనుకున్నా, ఇద్దరి మధ్య దూరం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తరిగిపోతోంది. అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మీ చేతిలో ఉన్నది మూడు సెకన్లు.

ఆ మూడు సెకన్లలో టాగుళ్లు వెతికి, వాటిని పట్టీ మీది నుంచి ఊడదీసి, లాగి తిరగడం కష్టం. పైగా పారాచూట్ మడతపెట్టేటప్పుడే బ్రేకులను సగం లాగి బిగించి పెడతారు, విచ్చుకునేటప్పుడు కుదుపు తగ్గడానికి. ఆ కంగారులో కుడి టాగుల్ ఒక్కటే ఊడదీసి చెయ్యి పైకి వదిలితే, కుడి పక్క బ్రేక్ పోయి, ఎడమ పక్క బ్రేక్ మిగులుతుంది. అప్పుడు క్యానపీ మీరు కోరిన కుడికి కాక ఎడమకు తిరుగుతుంది. అదే కుడి వెనక రైజర్‌ను పట్టి లాగితే ఇవేవీ అక్కర్లేదు, వెంటనే కుడికి తిరుగుతుంది. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికే తిరగాలన్నది ఈ ఆటలో అందరూ పాటించే ఆనవాయితీ. అందుకే నేర్పరులైన జంపర్లు క్యానపీ విచ్చుకునే సమయానికే చేతులు వెనక రైజర్ల మీద ఉంచుకుంటారు. టాగుళ్ల సంగతి చుట్టూ ఖాళీ ఉందని చూసుకున్నాకే.

● బ్రేకులు బిగించి ఉన్నప్పుడు ఒక తీరు, వదిలాక మరో తీరు. బిగించి ఉండగా వెనక రైజర్ లాగితే క్యానపీ ఉన్నచోటనే చురుగ్గా తిరుగుతుంది. బ్రేకులు వదిలాక అదే రైజర్ లాగితే మలుపు వెడల్పుగా, సాపుగా వస్తుంది. టాగుల్ మలుపుతో పోలిస్తే ఎత్తు తక్కువ ఖర్చవుతుంది. రెండు స్థితుల్లోనూ విడివిడిగా సాధన చేయాలని పట్టుబట్టేది ఇందుకే. ఒకదానికి అలవాటుపడ్డ చెయ్యి రెండోదాన్ని తక్కువ అంచనా వేస్తుంది.

● టాగుల్‌ను చెవి పక్క నుంచి తొడ దాకా లాగవచ్చు. వెనక రైజర్‌ది అంగుళాల లెక్క.

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే వెనక రైజర్లతో గాయపడకుండా ఉండాలంటే తెలియాల్సింది ఈ చిన్న కొలతే. రెక్క పుట్టించే ఎత్తుడు బలంలో పెద్ద వాటా ముందు సగానిదే. కాబట్టి మనిషి బరువు కూడా ఎక్కువగా ముందు రైజర్ల మీదే పడుతుంది. ముందు రైజర్ లాగాలంటే చేతులు నొప్పెడతాయి. వెనక రైజర్ తేలిగ్గా వస్తుంది. తేలిగ్గా వస్తోంది కదా అని ఇంకొంచెం, ఇంకొంచెం అని లాగితే ఒక హద్దు దగ్గర రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారే గాలి ఒక్కసారిగా విడిపోతుంది. దాన్నే స్టాల్ అంటారు. క్యానపీ వెనక్కి ముడుచుకుంటుంది, ముందుకు పోవడం మానేస్తుంది, మనిషి వెల్లకిలా పడుతున్నట్టు కిందికి జారతాడు. టాగుళ్లతో వచ్చే స్టాల్‌కు ముందు క్యానపీ మెత్తబడటం, గాలి చప్పుడు తగ్గడం వంటి సూచనలు కాసేపు అందుతాయి. వెనక రైజర్ల స్టాల్ మరింత వేగం ఉండగానే, తక్కువ లాగుడుకే, తక్కువ హెచ్చరికతో వస్తుంది. వేల అడుగుల ఎత్తులో అయితే అదొక పాఠం. నేలకు పది అడుగుల్లో అయితే నడుము, కటి ఎముకలు విరుగుతాయి.

స్టాల్ నుంచి బయటపడే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. ఉలిక్కిపడి చేతులు ఒక్కసారిగా వదిలేస్తే క్యానపీ మనిషికంటే ముందుకు దూకుతుంది, తాళ్లు వదులై చిక్కుపడే ప్రమాదం ఉంది. రెండు చేతులూ సమానంగా, నెమ్మదిగా పైకి పోనివ్వాలి.

● చెయ్యి ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. రైజర్ పై చివర, తాళ్లు కలిసే లింకుకు కాస్త కింద పట్టుకుంటే పట్టు బాగా కుదురుతుంది. టాగుళ్లు అప్పటికే ఊడదీసి ఉంటే వాటిని చేతిలోంచి జారనివ్వకూడదు. టాగుల్ మణికట్టు వైపు ఉండగానే వేళ్లతో రైజర్ అందుకోవడం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. ఒంటికి బిగించుకునే పట్టీల కూర్పును, అంటే హార్నెస్‌ను, నేల మీద వేలాడదీసి ఈ ఒక్క కదలికనే పదేపదే చేయించే శిక్షకులున్నారు. మంచి పద్ధతి అది.

● ఈ సాధన కోసమే దూకే జంప్ ఒకటుంది. హాప్ అండ్ పాప్ అంటారు. విమానంలోంచి బయటపడ్డాక కొద్ది సెకన్లలోనే పారాచూట్ తెరిచేస్తారు. పారాచూట్ తెరవకముందు పడే ఫ్రీఫాల్ సరదా పోతుంది కానీ క్యానపీ కింద గడిపే సమయం బాగా పెరుగుతుంది. సాధనకు ఒక క్రమం ఉంది.

ముందు చుట్టూ, కిందా ఎవరూ లేరని చూసుకోవాలి. బ్రేకులు బిగించి ఉండగానే వెనక రైజర్‌తో కుడికి పావు మలుపు, ఎడమకు పావు మలుపు, తర్వాత సగం మలుపు. బ్రేకులు వదిలి అవే మళ్లీ. ఆ తర్వాత రెండు రైజర్లూ కలిపి కొద్దిగా లాగి, నేలకు దిగేటప్పుడు వేగం తగ్గించే ఫ్లేర్‌ను గాలిలోనే చేసి చూడాలి. చివరగా శిక్షకుడు సరేనంటే, అంగుళం అంగుళం లాగుతూ స్టాల్ హద్దు ఎక్కడుందో కనిపెట్టాలి. ఆ క్షణంలో చేతులు కంటికి ఏ ఎత్తులో ఉన్నాయో చూసి మనసులో ముద్రించుకోవాలి. ఒకే క్యానపీ మీద కూడా ఒక్కసారి చూసి వదిలేస్తే చాలదు. క్యానపీ మారితే హద్దు మారుతుంది. బరువు మారినా మారుతుంది. హార్నెస్, పారాచూట్‌తో సహా 90 కిలోలున్న మనిషి 190 చదరపు అడుగుల క్యానపీ కింద ఉంటే చదరపు అడుగుకు ఒక పౌండు పైచిలుకు భారం. అదే మనిషి 150 చదరపు అడుగుల దాని కిందికి మారితే చేతికి తెలిసిన కొలతలన్నీ కొత్తగా నేర్చుకోవాలి.

ఇదంతా ఎత్తులో ఉండగానే ముగించాలి. ఏదైనా తేడా చేస్తే క్యానపీని వదిలించుకుని రెండో పారాచూట్ అయిన రిజర్వ్ తెరవడానికి వ్యవధి మిగలాలి కదా.

● బ్రేక్ తాడు తెగితే? లేదా టాగుల్ ముడిపడి ఊడిరాకపోతే? ఈ ప్రశ్నకు జవాబు విమానం ఎక్కకముందే సిద్ధంగా ఉండాలి. రెండే దారులు: వెనక రైజర్లతో తిప్పి, వాటితోనే ఫ్లేర్ చేసి దిగడం, లేదా ప్రధాన పారాచూట్‌ను వదిలించుకుని రిజర్వ్ వాడటం. అమెరికా పారాచూట్ సంఘం నిబంధనల్లో విద్యార్థులూ, తొలి మెట్టయిన ‘ఏ’ లైసెన్స్ ఉన్న జంపర్లూ ఈ నిర్ణయం తీసుకుని అమలు చేయాల్సిన ఎత్తు 2,500 అడుగులు. అంతకు పైన రైజర్లతో తిప్పి చూసి, ఫ్లేర్ చేసి చూసి, దిగగలనన్న నమ్మకం కుదిరితేనే మొదటి దారి. ఇంతకుముందు ఒక్కసారీ సాధన చేయనివాళ్లు ఆ నమ్మకాన్ని ఆ కాస్త వ్యవధిలో సంపాదించలేరు. వాళ్లకు రిజర్వే మేలు.

వెనక రైజర్లతో దిగితే మామూలుకంటే వేగం ఎక్కువే ఉంటుంది. ఫ్లేర్ చివరిదాకా సాగదు, ఎందుకంటే స్టాల్ హద్దు ముందే ఎదురవుతుంది. పాదాలు, మోకాళ్లు దగ్గర చేర్చి, నేల తగలగానే పిక్క, తొడ, పిరుదు, వీపు పక్కల మీదుగా దొర్లే పద్ధతికి సిద్ధపడి దిగాలి. పారాచూట్ సైనికులు నేర్చుకునే పాత పద్ధతే ఇది, నేటికీ వెన్నెముకలు కాపాడుతోంది.

● ఒక చేత్తో టాగుల్, మరో చేత్తో రైజర్ పట్టి ఫ్లేర్ చేయడం చాలా ప్రమాదకరం. ఒకదాని ప్రయాణం మూరెడు, మరోదానిది అంగుళాలు. సమానంగా లాగామనుకుంటూనే క్యానపీని ఒక పక్కకు తిప్పేస్తాం. ఒక పక్క తాడు పోతే రెండు పక్కలా రైజర్లే వాడాలి.

● దూరంగా తెరుచుకున్న పారాచూట్‌ను ఇంటికి చేర్చడంలోనూ వెనక రైజర్లు అక్కరకొస్తాయి. విమానం సరైన చోట వదలకపోతే దాన్ని లాంగ్ స్పాట్ అంటారు. కింద చెట్లు, ఇళ్లు, కరెంటు తీగలు, వాటికి అవతల దిగాల్సిన మైదానం. రెండు వెనక రైజర్లనూ కొద్దిగా లాగి పట్టుకుంటే క్యానపీ వాలు తగ్గి మరికొంత దూరం సాగుతుంది. కాళ్లు పైకి ముడుచుకుంటే గాలి ఒరిపిడి కూడా తగ్గుతుంది. వెనక గాలి ఉంటే బ్రేకులు పట్టి దిగే వేగం తగ్గించుకుని, గాలినే మోసుకుపోనివ్వడం లాభం. అప్పుడు బ్రేకులు బిగించే ఉంచి వెనక రైజర్లతో దిశ సరిదిద్దుకుంటే చేతులు అలసిపోవు. ఎదురుగాలి బలంగా ఉంటే మాత్రం ఏమీ లాగకుండా నిండు వేగంతో పోనివ్వడమే మేలైన సందర్భాలుంటాయి.

ఎంత లాగాలో తేల్చే ఉపాయం ఒకటుంది. ఎదురుగా నేల మీదికి చూడండి. మీరు చేరలేని దూరపు చోట్లు చూపులో పైకి జరుగుతుంటాయి. మీరు దాటిపోయే దగ్గరి చోట్లు కిందికి జరుగుతుంటాయి. ఎటూ జరగని చోటే మీరు చేరబోయేది. రైజర్లు ఒక అంగుళం లాగినప్పుడు ఆ చోటు అవతలికి జరిగితే లాభమే, ఇవతలికి జరిగితే ఎక్కువ లాగారన్నమాట. అది మైదానానికి ఇవతలే ఆగిందనుకోండి, ఇంటికే చేరాలన్న పట్టుదల వదిలి, ఎత్తు ఉండగానే దగ్గర్లో మరో ఖాళీ పొలం చూసుకోవడం ఉత్తమం.

● గుండ్రటి పారాచూట్ల కాలంలోనూ రైజర్లకు పనుంది. స్టీరింగ్ లేని సైనిక పారాచూట్‌ను పక్కకు జరపాలంటే సైనికుడికి ఉన్న సాధనం రైజర్ లాగడం ఒక్కటే. లాగిన వైపుకు పారాచూట్ కొంత జారుతుంది.

● వేగంగా దిగడమే పోటీగా మార్చిన క్యానపీ పైలటింగ్‌లో వెనక రైజర్లకు రాజపీఠం. జంపర్ ముందు రైజర్లతో క్యానపీని ఏటవాలుగా దూకించి గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగం సంపాదిస్తాడు. నేలకు సమాంతరంగా తిప్పే ఘట్టంలో వెనక రైజర్లను సుతారంగా అందుకుంటాడు. టాగుళ్లు లాగితే వంగిన తోక గాలికి అడ్డుపడి వేగాన్ని తినేస్తుంది. వెనక రైజర్లు రెక్క వంపును పెద్దగా చెడగొట్టవు, కాబట్టి వేగం నిలుస్తుంది. వేగం తగ్గాక చివర్లో టాగుళ్లకు మారి దిగుతాడు. ఆ మార్పు ఒక క్షణం ఆలస్యమైతే స్టాల్ ఎదురుచూస్తూ ఉంటుంది. వీళ్ల క్యానపీలు ఎంత చిన్నవంటే, 2014లో దుబాయ్‌లో ఎర్నెస్టో గైంజా కేవలం 35 చదరపు అడుగుల క్యానపీతో దిగి రికార్డు సృష్టించాడు. కొత్త విద్యార్థులకు ఇచ్చేవి తరచూ 200 చదరపు అడుగులు దాటి ఉంటాయి.

● 2007 నవంబరు 21న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, లేక్ వేల్స్‌లో 100 మంది జంపర్లు విచ్చుకున్న క్యానపీలతో గాలిలో ఒకరికొకరు ఆనుకుని వజ్రాకారం కట్టారు. అంతమంది అంత దగ్గరగా చేరాలంటే ప్రతి ఒక్కరికీ రైజర్ల మీద అంగుళాల అదుపు ఉండాలి.

● రిజర్వ్ పారాచూట్ కూడా రెక్క ఆకారానిదే, దానికీ వెనక రైజర్లుంటాయి. ప్రధాన క్యానపీ మీద నేర్చింది అక్కడా పనికొస్తుంది. రిజర్వ్ తెరిచాక దాన్ని వదిలించుకుని వాడటానికి మరొకటి ఉండదు కాబట్టి, ఆ నేర్పు విలువ అక్కడ ఇంకా ఎక్కువ.

● మన దేశం సంగతి. ఆగ్రా, బెంగళూరుల్లోని డీఆర్‌డీవో ప్రయోగశాలలు కలిసి రూపొందించిన సైనిక పారాచూట్ వ్యవస్థతో 2025 అక్టోబరులో 32,000 అడుగుల ఎత్తు నుంచి ఫ్రీఫాల్ జంప్ చేసి చూపారు. దిగే వేగం తక్కువగా ఉండటం, స్టీరింగ్ మెరుగ్గా ఉండటం దాని ప్రత్యేకతలని ప్రకటించారు.

● అమెరికాలో ‘ఏ’ లైసెన్స్‌కు 25 జంప్‌లు కావాలి, ఆ పాఠాల్లోనే వెనక రైజర్లతో తిప్పడం ఉంటుంది. 50 జంప్‌ల ‘బీ’ లైసెన్స్‌కు క్యానపీ కోర్సు 2012 నుంచి తప్పనిసరి చేశారు. చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన మన తెలుగు పిల్లలు చాలామంది శిక్షకుడితో కలిసి టాండెమ్ జంప్ చేసి, ఆ ఫొటోలు ఇంటికి పంపుతుంటారు. టాండెమ్‌లో శిక్షకుడు టాగుళ్లు కాసేపు చేతికిస్తాడేమో కానీ వెనక రైజర్ల పని ప్రయాణికుడి దాకా రాదు. ఆ సరదా తీరక లైసెన్స్ దాకా వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇది చదివి ఒంటరిగా ప్రయత్నించకండి. మీ శిక్షకుణ్ని అడిగి, మీ బరువుకూ మీ క్యానపీకీ తగిన సాధన క్రమం రాయించుకోండి. ప్రతి జంప్‌లోనూ విచ్చుకున్న వెంటనే ఒకటి రెండు మలుపులు వెనక రైజర్లతోనే తిప్పండి. మొదటి పాతిక జంప్‌లలో కొన్ని హాప్ అండ్ పాప్‌లు ఈ పనికే కేటాయించమని పట్టుబట్టండి.